అక్కను చూడటానికి మామ చేసిన పడవ

మా పక్కింటి మామ చనిపోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేనొక ప్రభుత్వ కార్యాలయం వరండాలో మా చెరువు మీద వంతెన కోసం అర్జీ పట్టుకుని నిలబడి ఉన్నాను. అది ఎన్నో అర్జీయో నాకే గుర్తు లేదు. ఫోన్ చేసింది మామ కోడలు. "అన్నా, మామ పొద్దున లేవల్యా" అంది. కాసేపు ఏడ్చి, ముక్కు చీది, అసలు మాట అడిగింది. "చెరువు అవతల పెద్దమ్మకు చెప్పినాం. నేనొచ్చేదాకా ఎత్తొద్దు అనింది. ఎట్ల వస్తాదన్నా ఆమె?"

ఊరికి బస్సెక్కాను. చేతిలో అర్జీ ఉంది.

పెద్దమ్మ అంటే మామకు సొంత అక్క. చెరువు అవతలి పల్లెలో మేకలు పెట్టుకుని ఒంటరిగా ఉంటుంది. చెరువు ఎండి ఉన్నన్నాళ్ళూ ఆ అక్కాతమ్ముళ్ళకు అది చెరువు కాదు, కాలిబాట. మామ సాయంత్రం నడిచి వెళ్ళి, అక్క చేతి రాగిసంగటి తిని, చీకటి పడేలోగా వచ్చేసేవాడు. తర్వాత కాలువ నీళ్ళొచ్చి చెరువు నిండింది. పెద్దమనుషులు వచ్చి పసుపు కుంకుమలు చల్లి, శాలువాలు కప్పుకుని ఫోటోలు దిగారు. ఆ నీళ్ళ కింద ఒక బాట మునిగిందని ఎవరికీ పట్టలేదు. ఇంతకాలం నీళ్ళు లేవు కాబట్టి ఏమీ చేయలేమన్నవాళ్ళు, ఇప్పుడు నీళ్ళున్నాయి కాబట్టి ఏమీ చేయలేమంటున్నారు. చుట్టుదారిన పోతే ఒక పూట పడుతుంది. ఆ వారం వానలకు ఆ దారిలో కల్వర్టు కూడా తెగిపోయింది.

లారీ ట్యూబు మీద చెరువు దాటబోయినవాళ్ళు ఉన్నారు. కానీ ఎండిన కాలంలో లోపలంతా కంపచెట్లు మొలిచాయి. ఇప్పుడవి నీళ్ళలోనే ముళ్ళు పైకెత్తి నిలబడి ఉన్నాయి. ట్యూబు తగిలితే పగులుతుంది. బుట్టలా వెడల్పాటి పుట్టి వాటి సందుల్లో దూరదు.

మామ మగ్గాల వడ్రంగి. ధర్మవరం చుట్టుపక్కల ఆయన బిగించిన మగ్గాల మీద ఎన్ని పట్టుచీరలు నేశారో లెక్క లేదు. చివరి రోజుల్లో అవే మగ్గాలను విప్పడానికి పిలిచేవాళ్ళు. కట్టిన చేతులతోనే విప్పించారు. దాని గురించి నేను పేజీలు రాశాను. ఆయన మాత్రం ఆ మగ్గాల టేకు ముక్కలను ఇంటికి తెచ్చి గోడకు ఆనించి పెట్టుకున్నాడు.

ఒకరోజు ఫోన్ నా ముఖాన పెట్టాడు. అందులో ఎవరో విదేశీయుడు చెక్కతో సన్నటి పడవ చేస్తున్నాడు. కయాక్ అంటారట. ఒక్క మనిషికే చోటు. రెండు కొసలూ మొనదేలి ఉన్నాయి.

"ఇట్లాంటిది చేస్తా అల్లుడా. కంపల సందున పోతాది."

"వాడి భాష అర్థమవుతాందా మామా?"

"శబ్దం తీసేసినా. మాట్లాడేటోని నోరు మూసి చూస్తే పని తెలుస్తాది."

సభల్లో ఉపన్యాసాలిచ్చే నాకు ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నాకు మండింది. "నువ్వు పడవ చేస్తే, జనమే సర్దుకున్నారని వాళ్ళు ఫైలు మూసేస్తారు. నీ పడవ వాళ్ళకు సాకు!" అని వీధి వినేలా అరిచాను. ఆయన చిత్రిక పట్టడం ఆపలేదు.

"వంతెన నువ్వు అడుగు. నేను అక్కను చూసొస్తా. ఇద్దరం ఒకే పని చేస్తే రెండోది ఎవరు చేస్తారప్పా?"

నా వాదన తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. అక్కను చూడటానికి ఒక ముసలాయన పడవ చేసుకోవాల్సి రావడం సిగ్గుచేటు. దీన్ని స్ఫూర్తి కథగా చదవబోయేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. కానీ ఆ వాదన చెప్పుకుంటూ నేను రెండు నెలలు ఆయన గడప తొక్కలేదు. ఒక పలక పట్టుకోలేదు. అది మాత్రం తప్పే.

మగ్గం టేకుతో పక్కటెముకలు పెట్టి, పైన మామిడి పలకలు బిగించాడు. పలకకూ పలకకూ మధ్య వెంట్రుక దూరదు. పడవ దింపే రోజు నన్నే పిలిచి, "చూడు, ఇది వడ్రంగం" అని చేత్తో నిమిరాడు. ఆయనకు ఈత రాదు, నాకు రాదు. మా ఊళ్ళో ఎవరికి వస్తుంది? ఆయన నడుముకు తాడు కట్టి రెండో కొస నేను పట్టుకున్నాను.

పడవ తేలింది. గట్టు మీది జనం ఈలలు వేశారు. ఆయన దూరం పోకుండా అక్కడక్కడే తిరుగుతూ తెడ్డు పట్టడం నేర్చుకుంటున్నాడు. చాలాసేపు బాగానే ఉంది. అంతలో నీళ్ళ మీద కొయ్య విరిగిన చప్పుడు. ఒక పలక పక్కటెముక నుంచి ఊడి పైకి లేచింది. పడవ ఒరిగింది. మామ తల కనిపించలేదు. తాడు బిగుసుకుంది, కదల్లేదు. కంపకు చుట్టుకుందని తర్వాత తెలిసింది. నేను నీళ్ళలోకి దిగి ఛాతీలోతు దాకా వెళ్ళి లాగాను. ఏ సభలోనూ అరవనంతగా మామను పిలుస్తూ అరిచాను. ముళ్ళు చీరిన ఒంటితో, నోట్లో నీళ్ళు ఉమ్ముతూ ఆయన బయటికొచ్చాడు.

"చాలు మామా! చస్తావు!"

ఆయన నా మాట వినడం లేదు. ఊడిన పలకను వేళ్ళతో తడుముతున్నాడు. "ఉబ్బినాది అల్లుడా. సందు ఇయ్యలేదు కదా, యాడికి పోతాది పాపం, ఎముకను ఇరగ్గొట్టుకోని లేచినాది." చిన్నప్పుడు కొయ్య ఉబ్బి బిగుసుకోవాలని బండి చక్రాలు వంక నీళ్ళలో నానబెట్టిన చేతులవి. "కొయ్య ఎండితే చిక్కుతాదని జ్ఞాపకముండాది. నీళ్ళు తాగితే ఒళ్ళు చేస్తాదని మరిచేపోయినా. తాగంగా చూసి ఎన్నాళ్ళయిందప్పా!"

కరువు మీద నేను చేసిన ఉపన్యాసాలన్నీ ఆ మాట ముందు చిన్నవే.

మళ్ళీ విప్పాడు. ఈసారి రోజూ నేనూ వెళ్ళాను. పలకల మధ్య సన్నటి సందు వదిలి, నూలు పీచును కరిగించిన గుగ్గిలంలో ముంచి ఉలితో కూరాం. నేను కూరింది సగం ఆయన పీకి మళ్ళీ కూరేవాడు. "నువ్వు అర్జీ రాసినట్ల కాదు, నిదానం" అనేవాడు. ఆ పడవలో ఆయన అవతలికి వెళ్ళాడు. కంపల మధ్య చుక్కయి కనిపించకుండా పోయేదాకా నేను గట్టు మీద కూర్చోలేకపోయాను. సాయంత్రం తిరిగొచ్చాడు.

"పెద్దమ్మ ఏమనింది మామా?"

"తిట్టింది. తర్వాత సంగటి పెట్టింది."

చలికాలంలో ఆయాసం మొదలైంది. మామ చివరిసారి వెళ్ళి, ఎనిమిది రోజులు అక్క దగ్గరే ఉండి, ఒడ్డు పక్క లోతు లేని నీళ్ళలో ఆమెకు తెడ్డు వేయడం నేర్పాడు. పడవ ఆమెకే వదిలి, పాల ఆటోలో చుట్టుదారిన ఇంటికొచ్చాడు. ఆ వయసు మనిషికి పడవ అప్పజెప్పుతావా అని నేను గొడవకు దిగాను. "నాకు నడక నేర్పింది ఆమెనే" అన్నాడు. కానీ పెద్దమ్మ ఎన్నడూ లోతుకు రాలేదు.

మామ పోయిన రోజు నేను ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్దలు పొద్దు చూస్తున్నారు. "ఇంకెంతసేపప్పా? ఆమె యాడొస్తాది, ఎత్తండి" అన్నారు ఒకరు. కోడలు గడపకు అడ్డంగా కూర్చుంది. "ఎవరన్నా ముట్టుకుంటే ఊరుకోను" అంది. నేను చెరువు గట్టుకు పరిగెత్తాను. గాలి ఎక్కువగా ఉంది. కంపల మధ్య ఏదో కదిలి ఆగింది. మళ్ళీ కదిలింది. ఒక వైపు రెండుసార్లు, ఇంకో వైపు ఒకసారి తెడ్డేస్తూ, వంకరటింకరగా, కొంగు నడుముకు బిగించి పెద్దమ్మ వస్తోంది. పిలవడానికి కూడా భయమేసింది, తల తిప్పితే పడవ ఒరుగుతుందని.

పడవ గట్టుకు తగిలింది. "ఏమప్పా, నిలబడి చూస్తాండావే? చెయ్యియ్యి" అంది. అరచేతులు తోలూడి ఎర్రగా ఉన్నాయి. ఊళ్ళో పడవ కట్టే గుంజ లేదు, మామ పడవను గట్టు మీదికి లాగేసేవాడు. ఆమె భుజాన ఉన్న మేకల తాడు తీసి, పడవ ముక్కుకు వేసి, రెండో కొసను ఒక కంప మొదలుకు కట్టింది. ముడి ఒకసారి లాగి చూసింది. తర్వాత వెనక్కి చూడకుండా, తడిచీర కాళ్ళకు చుట్టుకుంటుండగా, తమ్ముడి ఇంటి వైపు నడిచింది.

ఇంటి దగ్గర ఏడుపు ఒక్కసారిగా లేచింది. గాలికి పడవ వెనక్కి జరుగుతోంది, తాడు బిగుసుకోగానే గట్టు దగ్గరికి వస్తోంది, మళ్ళీ జరుగుతోంది.