ముప్పై ఒకటో నంబరు

మెట్ల కింద ఆ ఇరుకు కొట్టులో ఒక కుట్టుమిషను, ఒక స్టూలు తప్ప ఇంకేమీ పట్టవు. గోడకు కొట్టిన మేకులకు జిప్పులు వేలాడుతుంటాయి, జానెడువి, మూరెడువి, అన్ని రంగులవీ. ఊడిన జిప్పు మార్చాలన్నా, పొడుగు ప్యాంటు పొట్టి చేయాలన్నా ఆ వీధివాళ్లంతా అక్కడికే వస్తారు. అందుకే ఆవిడకు జిప్పులమ్మ అని పేరు పడిపోయింది. "దేవత పేరులా ఉంది కదా, ఓ దణ్ణం పెట్టుకుని వెళ్లండి, మళ్లీ ఊడదు" అని ఆవిడే నవ్వుతుంది.

ఆవిడకు తొమ్మిదేళ్ల కూతురుంది. పిల్లకు మాట రాదు, నడక లేదు, ఎడమ చెయ్యి మాట వినదు. కుడి చెయ్యి మాత్రం బాగా వింటుంది. కొట్టు గుమ్మం ముందు చక్రాల కుర్చీలో కూర్చుని ఆ చేత్తో జిప్పు జర్రున లాగడం, మళ్లీ మూయడం, దానికి లోకంలో అంతకన్నా ఇష్టమైన పని లేదు.

ఈ పిల్లను బడిలో చేర్చడానికి జిప్పులమ్మకు రెండేళ్లు పట్టింది. అందరు పిల్లలతో కలిసి ఒకే తరగతిలో చదువుకునే హక్కు ఇలాంటి పిల్లలకూ ఉందని చట్టం చెబుతోంది. ఆ ముక్క ఉన్న కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఒకరు రేపు రమ్మన్నారు, ఒకరు ర్యాంపు కట్టాక రమ్మన్నారు, ఒకరు కుర్చీ కూడా వెయ్యలేదు. చివరికి ఆవిడ మొండితనానికే విసిగి చేర్చుకున్నారు. చట్టానికి భయపడి అనుకునేరు, అంత సీను లేదు.

హాజరు పట్టీలో పిల్ల నంబరు ముప్పై ఒకటి. ఆ తరగతి టీచరమ్మకు నలభై ఆరుమంది పిల్లలు, సాయానికి ఒక్క మనిషి లేరు. ప్రత్యేక పిల్లల టీచరు ఒకావిడ ఉందిగానీ, ఆరు బళ్లకు ఆవిడే, నెలకోసారి కనబడితే గొప్ప. అందుకని జిప్పులమ్మే ఒక ఉపాయం పన్నింది. రోజూ సాయంత్రం కొట్టులో మిషను తొక్కుతూ ఒకటి, రెండు, మూడు అని హాజరు పిలిచేది. ముప్పై ఒకటి అనగానే పిల్ల చెయ్యి పట్టుకుని కుర్చీకి ముందు బిగించిన పలక మీద రెండుసార్లు కొట్టించేది. ఆరు నెలలు పట్టింది. ఒక పొద్దున బడిలో టీచరమ్మ "ముప్పై ఒకటి" అన్నప్పుడు టక్ టక్ మని వినబడింది. తరగతి అంతా చప్పట్లు కొట్టింది. టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. కిటికీ బయట నిలబడ్డ తల్లి సంగతి చెప్పక్కర్లేదు.

కథ అక్కడ ఆగిపోతే ఎంత బాగుండేది. కానీ పిల్లకు ఆ చప్పట్లు రుచి మరిగాయి. లెక్కలప్పుడు టక్ టక్, పాఠమప్పుడు టక్ టక్. పిల్లలు దానికి టకటక అని పేరు పెట్టారు. నవ్వులు మొదట ముద్దుగానే ఉన్నాయి, తర్వాత విసుగొచ్చింది. ఎవరి తల్లిదండ్రులో వచ్చి తమ పిల్లల చదువు పాడవుతోందన్నారు. హెడ్మాస్టరు జిప్పులమ్మను పిలిపించాడు.

"పంపించేస్తున్నామని అనడంలేదమ్మా. అనలేం కూడా, చట్టం ఉందిగా. కానీ ఈ చప్పుడు ఆగకపోతే మిగతా పిల్లలకు ఇబ్బందిగా ఉందని పైకి రాయాల్సొస్తుంది. ఆ తర్వాత మా చేతుల్లో ఉండదు."

"ఆపుతానండి. నాకు కొంచెం టైమివ్వండి" అంది జిప్పులమ్మ.

పక్కనే ఉన్న టీచరమ్మ పాపం మంచి మనిషే. "హాజరు పిలిచేటప్పుడు దాని నంబరు వదిలేస్తాలేమ్మా. నేనే టిక్కు పెట్టేసుకుంటా. దాన్ని ఊరికే ఊరించడం ఎందుకు?" అంది.

పిలిచినప్పుడే కొట్టు, మిగతావేళ కొట్టకు అని నేర్పాలని జిప్పులమ్మ చూసింది. ఆ తేడా పిల్లకు ఎక్కలేదు. ఎక్కే దాకా ఆగే ఓపిక బడికి లేదు. ఇక అసలు కొట్టకుండా ఉండడమే నేర్పింది. కొట్టబోతే ఆ చేతిని ఒళ్లో పెట్టి తన చేత్తో అదిమి పట్టేది. ఒకటి నుంచి నలభై ఆరు దాకా పిలవడం, పిల్ల కదలకుండా ఉంటే "బంగారు తల్లీ" అని నుదుటి మీద ముద్దు పెట్టి, గోడ మీది ఎర్ర జిప్పు చేతికివ్వడం. నలభై రోజులు ఇదే పని. కొట్టడానికి ఆరు నెలలు పట్టింది, కొట్టకపోవడానికి నలభై రోజులు చాలాయి. బడిలో చప్పుడు ఆగింది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ నెలలోనే ఒక అధికారి వచ్చింది. ఎవరూ పైకి రాయలేదు, ఏటా జరిగే తనిఖీయే. ఇలాంటి పిల్లలు తరగతిలో పాల్గొంటున్నారో లేదో చూసి, పాల్గొననివాళ్లకు ఇంటి దగ్గరే చదువు ఏర్పాటు చేయాలట. ఆవిడ చేతిలో ఒక ఫారం. అందులో మొదటి ప్రశ్న, పిలిస్తే పలుకుతుందా అని.

"మామూలుగా హాజరు పిలవండి" అంది అధికారి. టీచరమ్మ పిలిచింది. ముప్పై అయింది. చాలా రోజుల తర్వాత "ముప్పై ఒకటి" అంది.

కిటికీ బయట జిప్పులమ్మ తొంగి చూసింది. పిల్ల చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"ముప్పై ఒకటి" మళ్లీ పిలిచింది టీచరమ్మ, గొంతులో బతిమాలుతూ. "మునుపు కొట్టేదండీ మేడమ్, నిజంగా కొట్టేది."

"ఇప్పుడు?"



జిప్పులమ్మ ఇక ఉండబట్టలేక కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది. "కొట్టమ్మా! నా తల్లివి కదూ, ఒక్కసారి కొట్టు!"

అమ్మ గొంతు వినబడగానే పిల్ల అటు తిరిగింది. కుడి చేతిని ఒళ్లో ఇంకా గట్టిగా అదుముకుని నోరంతా తెరిచి నవ్వింది. నేర్పినదంతా తప్పకుండా చేసి చూపిస్తోంది.

"మీరు చెప్తే లెక్కలోకి రాదమ్మా. తనంతట తాను పలకాలి" అంది అధికారి. ఆవిడ కసిరి అన్లేదు. పాపం, ఆవిడకు మధ్యాహ్నంలోగా ఇంకా మూడు బళ్లున్నాయి. నేనే ఆపించానని జిప్పులమ్మ ఎంత చెప్పినా, ఆ సంగతి రాసుకోవడానికి ఫారంలో చోటు లేదు. కవరులోని కాగితం తీసి చూపించింది. "మీ పాప హక్కు ఎక్కడికీ పోదమ్మా, పట్టీలో నంబరు అలాగే ఉంటుంది. ఇకనుంచి చదువు ఇంటి దగ్గరే, నెలకు రెండుసార్లు ప్రత్యేక పిల్లల టీచరే మీ ఇంటికొస్తారు" అని సంతకం పెట్టి వెళ్లిపోయింది. చట్టం ఎక్కడా తప్పలేదు. కడుపు మండేది అందుకే.

జిప్పులమ్మ కుర్చీ తోసుకుంటూ కొట్టుకు వచ్చింది. మిషను ముందు కూర్చుంది గానీ తొక్కలేదు. కాసేపటికి "ముప్పై ఒకటి" అని మెల్లగా పిలిచింది. పిల్ల కదల్లేదు. ఆ చెయ్యి తనే పట్టుకుని పలక మీద కొట్టించబోతే, పిల్ల బలమంతా పెట్టి వెనక్కి లాక్కుంది. లాక్కుని ఒళ్లో పెట్టుకుని, తలెత్తి గోడవైపు చూసింది. ఇంకా ఇవ్వలేదేమని అరచెయ్యి చాపింది.

జిప్పులమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. "బంగారు తల్లీ" అని నుదుటి మీద ముద్దు పెట్టి, మేకుకున్న ఎర్ర జిప్పు తీసి ఆ చేతిలో పెట్టింది.