నాలుగంకెల వెలుతురు

నమ్మకపోతే మానేయండి. బి.ఏ. చదివినదాన్ని, దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళ నోరు మూయించినదాన్ని. కానీ ఆ ఫోటో గాజుప్లేటు నా చేతుల్తోనే కడిగాను.

రాయగడకి కరెంటు కొత్తగా వచ్చిన రోజులు. మా ఆయనకి ఫోటో స్టూడియో. ఒక వానాకాలం సాయంత్రం, బజారులో కిరాణా వ్యాపారి తల్లి పోయింది. కాంపౌండరు నాడి చూసి ప్రాణం లేదన్నాడు. చీకటి పడింది కాబట్టి దహనం పొద్దున్నే. బతికుండగా ఆవిడ ఒక్క ఫోటో తీయించుకోలేదు. కూతురు సీతమ్మ మా గుమ్మంలో ఏడ్చింది.

"నిద్దరోతన్నట్టుండాలండీ... నాకింకేటీ మిగల్నేదు."

సామాను పట్టుకెళ్ళాం. దారంతా గొడవే.

"ఫ్లాషు కొట్టేస్తే రెప్పపాటులో అయిపోద్ది. నా మాటినవే!" అన్నారు ఆయన.

"ఫ్లాషులో మొహం సున్నం కొట్టిన గోడలాగుంటాది. పెద్ద బల్బులెట్టండి. నాలుగంకెలు లెక్కెట్టేదాకా కదలకుండా ఉండడానికి బయమేటి? ఆవిడ కదుల్తాదా ఏటి?"

ఎకసెక్కం నాదే. నెగ్గిందీ నేనే.

ఆవిడని కుర్చీలో గోడకి ఆనించి కూర్చోబెట్టారు. దవడకి కట్టిన గుడ్డ విప్పారు. వెనక కొడుకులు, పక్కన సీతమ్మ. "ఎవరూ పక్కకి సూడొద్దు. లెన్సులోకే!" అని గదమాయించాను. బల్బు వెలుగుకి కళ్ళు మండి నేను మాత్రం తల తిప్పుకున్నాను.

ఆయన లెన్సు మూత తీశారు. ఒకటి... రెండు... బల్బు సన్నగా ఈల వేసింది... మూడు... ఎవరో గాలి పీల్చారు... నాలుగు. మూత.

పొద్దున్నే దహనం అయిపోయింది.

ఆ రాత్రి స్టూడియో చీకటిగదిలో ఎర్రదీపం కింద ప్లేటు కడిగాను. కొడుకులు స్పష్టంగా ఉన్నారు. సీతమ్మ కూడా. కుర్చీ చేతులు... పూలదండ... అన్నీ. పెద్దావిడ మొహమొక్కటే, కదిలినవాళ్ళ మొహంలా, చెదిరిపోయింది. ముక్కుపుడక మెరుపు ఒకటి కాదు... రెండు చుక్కలు. రెండోది సీతమ్మ వైపు.

"బల్బుల ఏడికి దవడ జారుంటాది," అన్నారు ఆయన.

"జారితే కిందకి జారాల. ముక్కు పక్కకెలా ఎల్తాది?"

ఫ్లాషు కొట్టి ఉంటే ఇదేదీ తెలిసేది కాదు. జీవితంలో మొదటిసారి, వాదనలో ఓడిపోయి ఉంటే బాగుండుననిపించింది.

పన్నెండో రోజు వెళ్ళాక సీతమ్మ వచ్చింది. ప్లేటు పాడైపోయిందన్నాను.

"అమ్మ కదల్నేదు కదండీ... మేవే కదిలిపోయేమేటి?"

ఆమె కళ్ళు తుడుచుకోకుండా చూస్తోంది.

"అవునమ్మా... మీరే," అన్నాను.

తలవంచుకుని వెళ్ళిపోయింది. పెద్దావిడ తల జారిందా... కూతురి కోసం తిప్పిందా... ఎవరినడగను?