కైకలూరు ల్యాబ్ కంప్యూటరుకు నేను పరుగు నేర్పిన కథ

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకూ అన్నీ తెలుసు. తాడేపల్లిగూడెంలో డిగ్రీ అయిందనిపించి, సెల్‌ఫోనులో వీడియోలు చూసి కంప్యూటరు పొట్టలోని సంగతులన్నీ కంఠతా పట్టేసి, ప్రపంచం నన్నెప్పుడు పిలుస్తుందా అని చూస్తూంటే, ప్రపంచానికి బదులు కైకలూరులో ఒక ల్యాబ్ పిలిచింది. చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్. (మా అమ్మ చుట్టాలందరికీ "మావాడు ల్యాబ్‌లో చేరాడండీ" అని మాత్రమే చెప్పేది. ఏం ల్యాబని ఎవరైనా అడిగితే కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయేది.)

అక్కడ మేం ముగ్గురమే. యజమానిని అందరూ చేపల డాక్టరుగారు అనేవారు. ఆయన పొద్దున్నే మోటారు సైకిలు మీద చెరువుల గట్ల వెంట బయల్దేరితే మధ్యాహ్నానికి గాని తిరిగి వచ్చేవారు కాదు. రెండో మనిషి రిపోర్టు మేడం. యాభై దాటిన మనిషి. ఏలూరులో ఒక మిషన్ స్కూల్లో పిల్లలకు టైపు నేర్పి, టైపు మిషన్లు మూలపడ్డాక ఇక్కడ చేరారు. తొమ్మిదేళ్ళుగా రోజూ ఏలూరు నుంచి కొల్లేరు మీదుగా బస్సులో వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవారు. రైతులు సీసాల్లో తెచ్చిన నీళ్ళు నేను పరీక్ష చేసి అంకెలు ఇస్తే, ఆవిడ వాటిని కంప్యూటరుకెక్కించి, ఆ చెరువు పాత లెక్కలతో పోల్చి చూసి, రిపోర్టు తీసి ఇచ్చేవారు. ఎందుకైనా మంచిదని అవే అంకెలు గుండ్రటి అక్షరాలతో ఒక లాంగ్ నోటుబుక్కులో కూడా రాసుకునేవారు. అది చూసి నేను నవ్వుకునేవాణ్ణి. కంప్యూటరు ఉండగా పుస్తకంలో రాయడం, బస్సెక్కి కూడా నడవడం లాంటిదని నా అభిప్రాయం.

ఆ కంప్యూటరు అప్పటికే పాతది. అందులోదీ చవకరకం ప్రాసెసరు. మేడం కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని బటన్ నొక్కేవారు. ప్రార్థన అయ్యేది, తెచ్చుకున్న ఇడ్లీ అయ్యేది, అప్పటికి తెర మీద బొమ్మ వచ్చేది. "లేచిందండీ" అని చెప్పేవారు, ఇంట్లో పెద్దాయన నిద్ర లేచినట్టు. ఒకరోజు ఒక రొయ్యల రైతు రిపోర్టు కోసం చూసి చూసి నా వైపు తిరిగి, "బాబూ, ఈ పెట్టె తెమిలేలోగా మా రొయ్యలు తేలిపోతాయండీ. నే వెళ్ళి భోంచేసొస్తాను" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారంటే, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ వారంలోనే నేను ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టాను. ప్రాసెసరును కంపెనీవాళ్ళు ఫలానా వేగంతో నడవమని నిర్ణయించి పంపుతారు. కొన్ని రకాలకు ఆ వేగం మనమే పెంచుకోవచ్చు. కంప్యూటరు పూర్తిగా లేవకముందే ఒక మీట నొక్కితే లోపలి సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. అందులో వేగం ముప్పై రెండు అని ఉన్నచోట నేను ముప్పై ఆరు పెట్టాను. పెట్టి, కుర్చీ కాస్త వెనక్కి జరిపి కూర్చున్నాను, పేలితే పేలుతుందని. పేలలేదు. రిపోర్టు మునుపటికన్నా చురుగ్గా వచ్చింది. డాక్టరుగారు ఏం చేశానో అడక్కుండానే భుజం తట్టి, ఆ పూట నన్ను "ఇంజినీరుగారూ" అని పిలిచారు. ఆ పిలుపే నన్ను చెడగొట్టింది. మర్నాడు ముప్పై ఎనిమిది, తర్వాత నలభై. నలభై దగ్గర అది మొరాయిస్తే, వోల్టేజీ కొంచెం పెంచి నలభై రెండుకు తోలాను. ఇలా పెంచాక గంటల తరబడి పరీక్ష పెట్టి చూడాలని వీడియోల్లో చెప్పారు. నేను పదిహేను నిమిషాలు పెట్టాను. (టీ తాగి రావడానికి అంతే పట్టింది.)

పెట్టె ముట్టుకుంటే కాలిపోతోంది. పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను పెట్టాను. అయినా చల్లబడకపోతే, చేపలు సర్దే థర్మాకోల్ పెట్టెలో ఐసు తెచ్చి ఫ్యాను ముందు పెట్టాను. కైకలూరులో ఐసుకేం కొదవ. డాక్టరుగారు తిరిగొచ్చేసరికి ఐసు కరిగిపోయేది, ఖాళీ పెట్టె బల్ల కింద ఉండేది. ల్యాబంతా చేపల వాసన కొట్టింది. మేడం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "దీనికి జ్వరమా బాబూ?" అని అడిగారు. ఇవన్నీ మీకు తెలియవు మేడం, నేను చూసుకుంటాను అని చెప్పాను. కరిగి కారిన నీళ్ళు ఆవిడే రోజూ గుడ్డ పెట్టి తుడిచేవారు. ఆ టేబులు మీదే నేను రోజుకు ఇరవై రిపోర్టుల్లో "మేత తగ్గించండి, ఎక్కువైతే చేప తట్టుకోలేదు" అని సలహా చూసి, సంతకం పెట్టి పంపేవాణ్ణి.

నెలన్నర గడిచింది. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, రొయ్యలు తేలుతున్నాయని రైతులు సీసాలతో బారులు తీరి ఉండగా తెర నీలంగా మారి కంప్యూటరు ఆగిపోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగింది. ఎలాగో నిలబెట్టాక చూస్తే తొమ్మిదేళ్ళ లెక్కలున్న ఫైలు తెరుచుకోలేదు. మేడం ప్రతి శనివారం పెన్‌డ్రైవులోకి కాపీ చేసేవారు. అదీ తెరుచుకోలేదు. హద్దు మీరి పరిగెత్తే ప్రాసెసరు పైకి బాగానే కనిపిస్తూ లోపల ఫైళ్ళను కొంచెం కొంచెంగా పాడుచేస్తుందనీ, పాడైన ఫైలు పాడైనట్టే కాపీ అవుతుందనీ నాకు అప్పుడు తెలిసింది. డాక్టరుగారు వచ్చేలోపు నేను చేసిన పని ఒక్కటే. సెట్టింగుల్లో మళ్ళీ ముప్పై రెండు పెట్టి, రేకు బిగించి, ఐసుపెట్టె వెనక వీధిలో పారేశాను.

డాక్టరుగారు గొంతు పెంచే మనిషి కాదు. కుర్చీలో కూర్చుని తెర వైపు చూసి, "మేడంగారూ, పెన్‌డ్రైవు పెట్టేటప్పుడు పొరపాటున ఏమన్నా నొక్కారాండీ?" అని అడిగారు. మేడం నా వైపు చూశారు. నేను చేతిలోని సీసా మూత బిగిస్తున్నాను. అది ముందే బిగించి ఉంది.

"ఏమోనండీ," అన్నారావిడ. "నొక్కానేమోనండీ."

తర్వాత బీరువా తెరిచి తన నోటుబుక్కులన్నీ తెచ్చి టేబులు మీద పెట్టారు. తొమ్మిదేళ్ళ లెక్కలూ వాటిలో ఉన్నాయి. డాక్టరుగారి ముఖం తేటపడింది. ల్యాబును నిలబెట్టింది ఆవిడే. అయినా ఆ నెలాఖరున డాక్టరుగారు, ఇంతదూరం రోజూ రావడం మీకు కష్టం, ఈ మిషన్లతో ఇబ్బంది, ఇక విశ్రాంతి తీసుకోండని ఎంతో గౌరవంగా చెప్పి ఆవిణ్ణి మానిపించారు. శాలువా కూడా కప్పారు. నేను చప్పట్లు కొట్టాను.

ఆవిడ కుర్చీ నాకిచ్చారు, పుస్తకాలు కంప్యూటరులోకి ఎక్కించే పని కూడా. ఆర్నెల్ల పాటు ఆ గుండ్రటి అక్షరాలు చూస్తూ టైపు చేశాను. చివరి పుస్తకంలో ఒక తేదీ కింద, చెరువుల అంకెల పక్కన, సన్నగా రాసి ఉంది: "కంప్యూటరు దగ్గర ఐసు పెట్టారు. నీళ్ళు కారాయి. తుడిచాను." అలాంటివి మొత్తం పదకొండు ఉన్నాయి. ఆవిడ పుస్తకాలు డాక్టరుగారి ముందు పెట్టిన రోజున ఆ మాటలు కూడా అందులోనే ఉన్నాయి. వేలు పెట్టి చూపిస్తే సరిపోయేది. ఆవిడ చూపించలేదు.

ఏడాది తర్వాత ఆ ఉద్యోగం మానేస్తూ డాక్టరుగారికి అంతా చెప్పేశాను. తిడతారనుకుంటే నవ్వేశారు. "అప్పుడే చెప్పొచ్చు కదయ్యా. ఒక కసురు కసిరి ఇద్దర్నీ ఉంచేవాణ్ణి" అన్నారు. తిట్టినా బాగుండేది.

అక్కణ్ణుంచి ఏలూరు వెళ్ళాను. మేడం ఇంట్లోనే, చర్చికి వచ్చే ఆడపిల్లలకు తెల్లకాగితం మీద మీటలు గీసి టైపు నేర్పుతున్నారు. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు. నేను తలొంచుకుని మొదలుపెట్టేసరికే ఆవిడ అందుకున్నారు.

"తెలుసు బాబూ. మీరే చెప్తారేమోనని ఆ నెలంతా చూశానండి."

ఆవిడే మాట మార్చి, ఆ కంప్యూటరు ఎలా ఉందని అడిగారు. నెమ్మదిగా నడుస్తోందండీ అన్నాను. మంచిదేనండీ అన్నారు.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో నాకో రిపేరు షాపుంది. పాత కంప్యూటర్లు తెచ్చి వేగం పెంచమని అడిగేవాళ్ళకు దుమ్ము దులిపి ఇచ్చేస్తాను. మొన్న పని మీద ఏలూరు వెళ్ళి బస్సులో తిరిగొస్తూంటే, కుర్చీ వెనక్కి జరుపుకుని పేలుడు కోసం ఎదురు చూసిన ఆ ఇంజినీరుగారు గుర్తొచ్చి నవ్వొచ్చింది. పక్క సీటాయన "ఏంటండీ?" అని అడిగారు. ఏమీ లేదండీ అన్నాను. అలా దాటేయడం నాకు బాగా అలవాటే.