పడవలోకి విసిరిన తువ్వాల

సముద్రానికి హద్దు పెట్టిన దేవునికి స్తోత్రం. సీట్లకు హద్దు పెట్టే పని మాత్రం మావారికి అప్పగించినట్టున్నాడు.

తక్కువ ఖర్చుతో ముంబై చూద్దామని బోధన్ నుంచి చపాతీలు మూటగట్టుకొని వెళ్లాం. నేను సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి. పడవ అంచున కూర్చొని చూడాలని నా ఆశ. మోకాళ్ల నొప్పి వల్ల నిలబడలేను కూడా. రేవులో జనం తోసుకుంటున్నారు. విందులో చివరి చోటే కోరుకోమని సంఘంలో బోధించే మావారు, మా ఊరి బస్సు కిటికీలోంచి వేసినట్టే, అందరి తలల మీదుగా పడవలోకి తువ్వాల విసిరారు. అది అంచున కూర్చున్న ఒక మరాఠీ అవ్వ ఒడిలో పడింది. దాని వెనకే మేమూ పడవెక్కాం.

“అవ్వా, తువ్వాలేసిన. గా సీటు మాది,” అన్నారు మావారు, మా పక్కనే మహారాష్ట్ర సరిహద్దున ఉన్న రెంజల్ అంగడిలో నేర్చిన మరాఠీలో.

“తువ్వాల పడితే సీటు నీదా? మరి ఈ ఒడి ఎవరిది, కొడుకా?” అంది అవ్వ.

పడవంతా నవ్వింది. సిగ్గుతో నేను వెనక్కి తిరిగాను. అవ్వ నా చెయ్యి పట్టి ఆపింది.

“మా దగ్గర అడిగితే చాలు బిడ్డా, ముగ్గురి సీటులో నలుగురం కూర్చుంటాం,” అంటూ జరిగి, నన్ను అంచున కూర్చోబెట్టింది. “తువ్వాలాయన నిలబడనీ.”

మావారు తువ్వాల తలకు చుట్టుకొని దారంతా నిలబడే వచ్చారు. దీనత్వం మీద ఆయన చేసిన ప్రసంగాలన్నిటిలో నాకు బాగా నచ్చింది అదే.

పరలోకంలో మనకు చోటు సిద్ధం చేస్తానన్న ప్రభువు మాట తప్పడు. ఆ గుమ్మం దగ్గర మావారు తువ్వాల విసరకుండా ఉండాలని మీరూ నాతో కలిసి ప్రార్థించండి.