స్పీడోమీటరులో బండి కందెన

మొన్న మా మనవడు, తాతగారి పాత ఇంగ్లండు కారును మళ్ళీ రోడ్డెక్కించాలని పట్టుబట్టి, నరసరావుపేట నుంచి మెకానిక్కును ఇంటికి తీసుకొచ్చాడు. షెడ్డులో కదలకుండా నిలబడే నలభై మైళ్ళ వేగం చూపిస్తున్న ఆ స్పీడోమీటరును అతను విప్పి, లోపలి నల్లటి ముద్దను పుల్లతో గీకి, వేళ్ళ మధ్య నలిపి, "ఇది గ్రీజు కాదు, ఎడ్లబండి కందెన. దీంట్లోకెట్టా వచ్చిందబ్బా" అన్నప్పుడు, వాకిట్లో కందులు చెరుగుతున్న నా చేతులు చేట మీదే ఆగిపోయాయి.

ఆ కారు మా ఆయన మోజుపడి కొన్నది. దాని మంచిచెడ్డలన్నీ పేటలోని సాయిబు మేస్త్రీ చూసేవాడు. నన్ను చెల్లెమ్మా అని నోరారా పిలిచేవాడు. ఒకసారి ముల్లు వణుకుతుంటే, మీటరును తిప్పే మెలికల తీగ అరిగిందని కొత్తది వేసి, ఏడాదికోసారి తానే వచ్చి రవ్వంత గ్రీజు రాస్తాననీ, ఎక్కువైతే తీగ తిరుగుతూ తిరుగుతూ దాన్ని మీటరులోకి ఎక్కించేస్తుందనీ మరీ మరీ చెప్పి వెళ్ళాడు. మూడో తరగతితో బడి మానేసినా, ఇంట్లో దేన్నీ వృథా పోనివ్వదనే పేరు తెచ్చుకున్న నాకు, అది పనివాడు మళ్ళీ మళ్ళీ రావడానికి చెప్పే మాటలాగే వినిపించింది.

మరుసటి ఏడు ముల్లు కాస్త వణకగానే, మా ఆయన వినుకొండ వెళ్ళిన రోజు చూసి, మేస్త్రీ చేస్తుండగా చూసిన పద్ధతిలోనే తీగ బయటికి లాగి, కందెన పట్టించాను. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆముదంలో కాల్చిన గడ్డిమసి కలిపి బండి ఇరుసులకు పూసేవాళ్ళం. అంత బరువు మోసే ఇరుసుకు చాలినది ఈ సన్నతీగకు చాలదా అనుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా దట్టంగా పూశాను. నాలుగు నెలలు బాగానే నడిచింది. తర్వాత ముల్లు నలభై దగ్గర అతుక్కుపోయింది.

మా ఆయన పిలిపిస్తే మేస్త్రీ వచ్చి, ఎవరైనా చెయ్యి పెట్టారా చెల్లెమ్మా అని ఒకే ఒక్క మాట అడిగాడు. అప్పటికే వీధిలో వాళ్ళంతా కారు చుట్టూ మూగి ఉన్నారు. నిజం చెబితే తల కొట్టేసినట్టవుతుందని, "నువ్వు తప్ప దాని జోలికి ఎవురు పోతారు? చేతగాకపోతే చేతగాదని చెప్పాల. ఇంక దాని మీద చెయ్యెయ్యబాక" అన్నాను. అతను తీసిన పానాను మళ్ళీ సంచిలో పెట్టుకుని, తలొంచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా వీధి తొక్కలేదు. మా ఆయన ఆ తర్వాత ఇంజను చప్పుడును బట్టే కారు నడుపుకున్నారు.

ఇప్పుడు మా వాకిట్లో కూర్చున్న మెకానిక్కు ఆ మేస్త్రీ కొడుకే.

"మా నాయన పోయేదాకా ఈ కారు సంగతి చెప్తానే ఉండేవాడు అత్తా, గ్రీజు తనే ఎక్కువ రాశానేమోనని" అన్నాడు.

"నేనే పూశాను నాయనా" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. గుడ్డతో పళ్ళచక్రాలు తుడుస్తూ, "ఆ ముక్క అప్పుడే అనుంటే మా నాయన చానా నవ్వేవాడు అత్తా" అన్నాడు.

ముల్లు బాగైంది. మనవడు నన్ను కోటప్పకొండ దాకా తిప్పుకొచ్చాడు; కారు ఆగిన చోటల్లా అది బుద్ధిగా సున్నాకు వచ్చి నిలిచింది. ఎడ్లబండ్లు పోయాయి, కందెనంటే ఏందని వాడు నన్నే అడుగుతున్నాడు, ఇప్పటి కార్లలో ముల్లు కూడా ఉండదట, అంకెలే వెలుగుతాయట. పదిమందిలో అన్న మాటను పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలని నా పిల్లలకు నేనే నేర్పాను. తీసుకుందామని వీధిలోకి వచ్చి చూస్తే, ఆనాడు కారు చుట్టూ మూగినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు.