సారు తట్టి చూసిన పైకప్పు

దానియేలు సారును మా బొగ్గుబాయి నుంచి వెళ్లగొట్టారు. ఆ తప్పు యాజమాన్యానిది. ఏళ్ల తరబడి నేను అంటూ వచ్చిన మాట ఇదే.

ఇవాళ పొద్దున కాలనీ మైదానంలో మైకు కీచుమని అరిచేసరికి నా చేతిలో చాయ్ తొణికింది. కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన, కార్మికులు ఈ గనిని తమదనుకోవాలని ఉపన్యాసం ఇస్తున్నాడు. కుర్చీల్లో అధికారులు కూర్చున్నారు, కార్మికులు ఎండలో నిలబడ్డారు. అది మాదని అనిపించిన మనిషిని పంపించేసి, ఇప్పుడు మైకులో చెబుతున్నారా అని పాత అలవాటు కొద్దీ ఒళ్లు మండింది.

దానియేలు సారు మా షిఫ్టుకు అండర్ మేనేజర్. లక్సెట్టిపేటలో మిషన్ చర్చికి వెళ్లే కుటుంబం. ఆయన రాకముందు పై అధికారులకు మా పేర్లు తెలియవు, "ఏయ్ టోపీ" అని పిలిచేవారు. సారు మొదటి రోజే, బాయిలోకి దిగబోయే ముందు మమ్మల్నందరినీ ఆపి, "ఇయ్యాల ఎవలికి ఏ జాగల భయముంది?" అని అడిగారు. మా సమ్మయ్య ఊరుకోలేక, "నాకు ఇంట్ల మా ఆమెతోని భయం సారూ!" అన్నాడు.

"గామె నా షిఫ్టుల లేదు. బాయి సంగతి చెప్పు సమ్మయ్యా" అన్నారు సారు.

అప్పుడు ఒక్కొక్కరం నోరు విప్పాం. ఎవరు ఏ చోటు చెబితే అక్కడికి సారు ముందు నడిచేవారు. ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి చెవి పెట్టేవారు. గట్టి బండ ఖంగుమంటుంది, విడిపోయిన బండ డొల్లగా పలుకుతుంది. పనికి ముందు మాలో ప్రతి ఒక్కరం చేయవలసిన పనే అది. అధికారి చేస్తుండగా చూడటం మాత్రం అదే మొదలు.

నాకు బడి లేదు. గోడ మీది జాగ్రత్తల బోర్డును సారు రోజూ నాతో చదివించేవారు. నేను తడబడినప్పుడు ఎవరైనా నవ్వితే, "అయితే నువ్వు సదువు" అనేవారు. నవ్వు ఆగిపోయేది. నా చదువంతా ఆ గోడ దగ్గర మొదలైందే.

ఆ రోజుల్లో మా షిఫ్టులో నాగా పెట్టేవాళ్లే లేరు. అట్లాంటిది, సారును వేరే బాయికి మార్చారని ఒకనాడు తెలిసింది. పని ఆపి మేనేజర్ గది ముందు కూర్చున్నాం. "మంచిగ నడిపిస్తున్న మనిషిని ఎందుకు పంపిండ్రు సార్?" అని నేనే అడిగాను. "బదిలీ అంటే బదిలీయే. పోయి పని చేసుకోండి" అన్నాడాయన. తరువాత వచ్చిన అధికారి మమ్మల్ని ఏమీ అడగలేదు. కాస్త ఆలస్యమైతే గేటు మూయించేవాడు. నాగాలు పెరిగాయి. ఇదంతా కుట్రేనని నేను తీర్మానించుకున్నాను.

రిటైరయ్యాక లక్సెట్టిపేట వెళ్లాను. సారు పెరట్లో చిక్కుడు తీగకు తాడు కడుతున్నారు.

"మిమ్ముల వెళ్లగొట్టినోని పేరు చెప్పుండ్రి సార్. బతికుంటే పోయి నిలదీస్త" అన్నాను.

ఆయన తాడు వదిలేసి నా వైపు తిరిగారు. ఆయన జవాబు విన్నప్పటి నుంచి నా కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. మనుషులకు అంత నమ్మకం కలిగించడం మంచి అధికారి గుణమా, కాదా? మైకు ముందున్న ఆయనను అడుగుదామనుకున్నాను కానీ, ప్రశ్న ఎట్లా వేయాలో తోచలేదు. ఇప్పటికీ ఎవరైనా "నేను చూసుకుంటాలే" అంటే నేనూ లేచి వెళ్లి ఒకసారి చూసి వస్తాను. సారు అన్నది ఇదీ:

"నన్నెవలు పంపలే రాజన్నా. నేనే అడుక్కొని పోయిన. నేను తట్టిన జాగల మీరు మల్ల తట్టుడు బంద్ జేసిండ్రు. సారు చూసిండు గదా అని ఫికర్ లేకుంట గా బండ కిందనే కూసొని సద్ది తింటుండ్రి. ఒక్కనాడు నా చెవి తప్పితే? నన్ను జర తక్కువ నమ్ముండ్రి అని మీకు ఎట్ల చెప్పాలె?"