పంపు గది వెనక పోచయ్య

పోచయ్య ఎవరికి ఏ ఆట పెట్టినా, ముందు తానొక్కడే ఆడి చూస్తాడు. ఇందులో వింతేముంది, వంటవాడు ఉప్పు సరిచూసుకోడా అంటారేమో. వంటవాడు ఉప్పు చూడటానికి పొట్టకు దిండు కట్టుకోడు. పోచయ్య కట్టుకుంటాడు.

ముప్పై రెండేళ్ళు యూనివర్సిటీ గ్రౌండులో సున్నం గీతలు గీసి రిటైరైన మనిషి ఆయన. తాను గీసిన గీతలన్నీ కొసకు కొస అతికిస్తే సీతాఫల్‌మండి నుంచి కాశీకి పోయి రావచ్చునని ఆయన నమ్మకం. ఇంట్లో కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని, ఆఫీసులవాళ్ళకూ సంఘాలవాళ్ళకూ సెలవు రోజున అదే గ్రౌండులో ఆటలు పెట్టించే పని ఎత్తుకున్నాడు. దాన్ని టీమ్ బిల్డింగ్ అంటారని తరువాత ఎవరో చెప్పారు. పేరేదైనా పోచయ్య పద్ధతి ఒకటే. ఆటలకు వారం ముందు నుంచి పొద్దున ఆరింటికల్లా గ్రౌండులో దిగి, ఒంటికి ఏదో ఒకటి కట్టుకుని, ఆ ఆట ఆడుతూ కిందా మీదా పడతాడు.

ఒక బ్యాంకువాళ్ళ కోసమని పొట్టకు దిండు కట్టి, పైన చొక్కా తొడుక్కుని, నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయతో గ్రౌండు చుట్టూ నడిచాడు. వాకింగుకు వచ్చిన ఓ ప్రొఫెసరుగారు ఆపి, ఈ వయసులో అంత పొట్ట మంచిది కాదనీ, రాత్రిపూట అన్నం మానేయమనీ పది నిమిషాలు హితబోధ చేశాడు. నోట్లో చెంచా ఉంది కాబట్టి పోచయ్య తల ఊపి ఊరుకున్నాడు.

లాలాగూడ రైల్వే పెన్షనర్లు పిలిచినప్పుడు ఎడమ మోకాలికి అటూ ఇటూ కర్రలు వేసి బిగించుకుని బంతాట ఆడాడు. కాలు వంగదు, కూర్చోలేడు, విప్పుకుందామంటే ముడి చేతికి అందదు. సెక్యూరిటీ గార్డు చూసి కాలు విరిగిందనుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. దెబ్బ ఎక్కడ తగిలిందని డాక్టరు అడిగితే, "ఇంక తగల్లే సార్, ఆట సగమే అయింది" అన్నాడట. మరోసారి చెవుల నిండా దూది కుక్కుకుని వాటర్ ట్యాంకరుకు అడ్డం పోయాడు. డ్రైవరు దిగి వచ్చి ఏడు తరాలనూ తలుచుకుంటూ తిడుతుంటే, పాపం దారి అడుగుతున్నాడేమోనని చెయ్యెత్తి తార్నాక వైపు చూపించాడు.

భార్య సాలమ్మ బాధ వేరు. పొద్దున లేవగానే ఇల్లంతా తిరిగి, "ఇయ్యాల ఏం కట్టుకపోయిండు?" అని వెతుక్కునేది. దిండు పోయింది, దుప్పటి పోయింది. ఒకరోజు చపాతీ కర్ర పోతే ఖాళీ సీసాతో చపాతీలు ఒత్తింది. ఇవన్నీ ఎందుకయ్యా అని అడిగితే, "ఆట తెలువద్దా?" అంటాడు. అంతకు మించి పెదవి విప్పడు.

కూతురు నిరోషకు మాత్రం తండ్రి పేరు చెబితేనే తల కొట్టేసినంత పనయ్యేది. ఆరేళ్ళ కింద అదే క్యాంపస్‌లో ఆమె ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, క్లాసులో ఒకడు ఫోనులో వీడియో చూపించాడు. ఒక కంటికి గుడ్డ కట్టుకున్న ఒకాయన బుట్టలోకి బంతి వేయబోయి, బుట్టను దాటిపోయి, తిన్నగా వెళ్ళి వేపచెట్టును గుద్దుకుంటాడు. క్లాసంతా పడీ పడీ నవ్వింది. నిరోష కూడా నవ్వింది. ఈయన మా నాయన అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ రోజు నుంచి గ్రౌండు మీదుగా నడవటం మానేసి, రెండు హాస్టళ్ళు చుట్టి క్లాసుకు వెళ్ళేది. తండ్రి పెట్టించిన ఆట ఒక్కటీ చూసి ఎరగదు.

ఇప్పుడామె తార్నాకలో ఒక డయాగ్నొస్టిక్ సెంటరులో ల్యాబ్ టెక్నీషియన్. ఆ సెంటరు నడిపే డాక్టర్ ఉమాపతి వాకింగులో పోచయ్య పెట్టించిన ఆటలు చూసి ముచ్చటపడ్డాడు. మా స్టాఫుకు కూడా ఒక ఆదివారం పెట్టించమని కబురు చేశాడు. పోచయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని సెంటరుకు వచ్చాడు. రిసెప్షన్ దగ్గర నిరోష నిలబడి ఉంది. తండ్రిని చూడగానే చేతిలోని రిపోర్టులు అటూ ఇటూ తిరగేసింది. పోచయ్య కూతురి ముఖంలోకి ఒక్కసారి చూశాడు.

"నమస్తే మేడం. డాక్టరు సారున్నరా?" అన్నాడు.

నిరోషకు ప్రాణం లేచి వచ్చింది. రెండు నిమిషాలు తిరక్కుండా ఆ ప్రాణమే సిగ్గుతో చచ్చింది. కన్నతండ్రి చేత మేడం అనిపించుకున్న కూతురు తార్నాక మొత్తానికి తానొక్కతే అనుకుంది.

ఉమాపతి గదిలో పోచయ్య వేసిన మొదటి ప్రశ్న ఎంతమంది వస్తారని కాదు. రాననే వాళ్ళెవరు, ఎందుకు రానంటున్నారు అని. ఎక్కడికెళ్ళినా ముందు అదే అడుగుతాడు. ఉమాపతి లిస్టు తిరగేసి, ఇరవై నలుగురిలో ఒక్కరే రావటం లేదన్నాడు. నిరోష అనే అమ్మాయి. కాచిగూడలో దగ్గరి చుట్టాల పెళ్ళట. పోచయ్య జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

అబద్ధానికి చుట్టాల పెళ్ళిని వాడుకోవచ్చు. కానీ ఆ చుట్టాలందరినీ ఎరిగిన మనిషి చెవిన పడనివ్వకూడదు. ఆ పూట భోజనాల దగ్గర పోచయ్య తాపీగా కదిపాడు.

"కాచిగూడల మనోళ్ళు ఎవరున్నరే?"

"ఎవ్వరు లేరు. ఎందుకు?" అంది సాలమ్మ.

"ఏం లేదు. పప్పు మంచిగున్నది."

నిరోషకు పొలమారింది. నీళ్ళ గ్లాసు తండ్రే అందించాడు.

మర్నాడు ఇంట్లో ఏదీ పోలేదు. దిండు మంచం మీదే ఉంది, చపాతీ కర్ర వంటింట్లోనే ఉంది. ఆ మర్నాడూ అంతే. మూడో రోజుకు సాలమ్మకు దిగులు పట్టుకుంది. కట్టుకుపోయినప్పుడు తిట్టిన మనిషే, కట్టుకుపోనందుకు కూర మాడ్చుకుంది.

"మీ నాయిన ఏం కట్టుకపోతలేడు. పాణం బాగలేదో ఏమో, జర పోయి చూసిరా బిడ్డా" అంది.

ఆరేళ్ళ తరువాత నిరోష ఆ గ్రౌండులో అడుగుపెట్టింది. నలుగురు వాకర్లు, క్యాంపస్ ఊడ్చే సారలమ్మ వరసగా నిలబడి ఉన్నారు. నిలువునా చీల్చిన పైపు ముక్కలు తలా ఒకటి పట్టుకుని, ఒకరి పైపులోంచి ఇంకొకరి పైపులోకి గోలీ దొర్లిస్తున్నారు. కింద పడకుండా అది చివరనున్న బకెట్టులో చేరాలి. ఎలా ఆడాలో అట్టముక్కల మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి కొమ్మలకు వేలాడదీసి ఉంది. పోచయ్య ఎక్కడా లేడు. ఈల మాత్రం పంపు గది వెనక నుంచి వినిపిస్తోంది. ఉండీ ఉండీ అక్కణ్ణుంచి ఒక తల బయటికి వస్తోంది. కనబడుతున్నావు పోచయ్యా అని ఒక వాకరు కేకేస్తే చటుక్కున లోపలికి పోయింది.

నిరోష సారలమ్మను పక్కకు పిలిచి, ఈసారి నాయన ఏం కట్టుకున్నాడని అడిగింది.

"ఏం కట్టుకోలే బిడ్డా. ఎప్పుడైతే రానన్నోళ్ళ కారణం కట్టుకుంటడు. ఆ బ్యాంకుల ఒకామె కడుపుతోటి ఉండె. రైల్వోళ్ళల్ల ఒకాయనకు మోకాలు వంగకపోతుండె. వాళ్ళ తిప్పలన్ని తను పడి చూసి, వాళ్ళు లేంది ఆటనే నడువకుండ తయారు చేస్తడు. ఆ మోకాలాయన నిలవడ్డ కాడ్నే జట్టును గెలిపిచ్చిండు, తెలుసా?"

"మరి ఇప్పుడు?"

"ఈసారి ఎవరో పిల్ల రానన్నదట. ఆ పిల్లకు అడ్డం నేనే సారలమ్మా, నేను కనబడకుంటే వస్తది అన్నడు. గందుకే మూడు రోజుల సంది కనబడకుండ ఉండుడు నేర్చుకుంటున్నడు. ఇంక సక్కగ రాలే."

నిరోషకు నవ్వొచ్చింది. అది సగంలోనే ఆగిపోయింది. తండ్రి ఇన్నేళ్ళూ ఎందుకు పడ్డాడో, ఎవరెవరి కోసం లేచాడో ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. చెట్టును గుద్దుకున్న రోజు ఎవరి కన్ను కోసం గుద్దుకున్నాడో. ఆ వీడియో చూసి నవ్విన క్లాసులో ఒక్కరికైనా ఇలాంటి తండ్రి ఉన్నాడా అనుకునేసరికి, సిగ్గు పడాల్సిన చోట ఆమెకు పట్టలేనంత గర్వం వచ్చింది. ఆయన కంట పడకుండా ఇంటికి వెళ్ళి, నాయన ప్రాణం బ్రహ్మాండంగా ఉందని తల్లికి చెప్పింది.

ఆదివారం అందరికంటే ముందు గ్రౌండులో ఉన్నది నిరోషే. పెళ్ళేమైందని ఉమాపతి అడిగితే, పెళ్ళి లేదనీ తాను అబద్ధం చెప్పాననీ ఒప్పేసుకుంది. ఆయన తేరుకునేలోగా ఈల మోగింది. స్టాఫంతా అట్టలు చదువుకుంటూ ఆటలో పడ్డారు. ఆట సాఫీగా సాగుతోంది, ఆడించేవాడే లేడు. ఆయన రాలేదా అని ఉమాపతి చుట్టూ చూస్తుండగా, నిరోష పంపు గది వెనక్కి నడిచింది. గోడకు అతుక్కుని నిలబడ్డ పోచయ్యను చెయ్యి పట్టుకుని అందరి మధ్యకు లాక్కొచ్చింది.

"ఏమన్న పొరపాటయిందా మేడం?" అన్నాడాయన, ఇంకా ప్లాను వదలకుండా.

"మేడం కాదు." నిరోష అందరి వైపు తిరిగింది. "ఈయన పోచయ్య. మా నాయిన. ఇన్నొద్దులు చెప్పకపోవుడు నాదే తప్పు."

ఎవరో చప్పట్లు మొదలుపెడితే అందరూ అందుకున్నారు. పోచయ్య కూతురి మీద కసురుకున్నాడు. "మూడు రోజులు తిప్పలవడి నేను లేకుండ నడిచే ఆట తయారు చేసిన. మొత్తం ఖరాబు చేసినవ్ కద బిడ్డా." కసిరే నోరు మాత్రం చెవుల దాకా సాగి ఉంది.

అందరినీ జట్లుగా నిలబెట్టడమే గానీ, తాను ఒక జట్టులో నిలబడి ఆడింది లేదు ఆ మనిషి. నిరోష ఆయన చేతికో పైపు ముక్క ఇచ్చి తన పక్కనే నిలబెట్టుకుంది. అంత పనికిరాని ఆటగాణ్ణి ఆ గ్రౌండు అంతకుముందు చూసి ఉండదు. తన ముందుకు వస్తున్న గోలీని వదిలేసి, ఎదుటి జట్టులో ఎక్స్‌రే తీసే కరుణాకర్ మోచెయ్యి కిందికి జారుతోందని, పైకి పట్టు పైకి పట్టు అని అతనికి సలహాలు ఇచ్చాడు. ఆ సలహాతో వాళ్ళ గోలీ బకెట్టులో పడింది. నిరోషవాళ్ళ గోలీ పోచయ్య చెప్పు మీద పడింది. ఇలా మూడుసార్లు.

సోమవారం పొద్దున కరుణాకర్ రిసెప్షన్ దాకా వచ్చి మరీ ఎత్తిపొడిచాడు. "మూడుకు మూడు ఓడిపోయిన్రు గద. ఎవరి వల్ల నిరోషా?"

"మా నాయిన వల్ల" అంది నిరోష. షుగర్ టెస్టుకు లైన్లో ఉన్నవాళ్ళకు వినబడలేదేమోనని, ఇంకోసారి గట్టిగా అంది.